పప్పుల ఉప్పేది

ఆగస్టు 19, 2011. శుక్రవారం

లైబ్రరీ ఇంటర్నెట్ గదిలోంచి ఇవాళ మమ్మల్ని బయటికి పంపేశారు. శైలజ నవ్వు ఆపుకోలేకపోయింది. అటెండర్ రెండుసార్లు బల్ల మీద కొట్టి చూశాడు, మూడోసారి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

తప్పు గేదెది. పొద్దున క్యాంపస్ ఎన్‌సీసీ గేటు దగ్గర పోలీసులు వేసిన ముళ్ళకంచె ముందు ఒక గేదె నిలబడి ఉంటే ఫోన్లో ఫొటో తీశాను. శైలజ దాన్ని కాసేపు చూసి, "పైన రాయి: ఐడీ కార్డు ఇంట్ల మర్శిన సార్. కింద రాయి: లోపల మా అన్న ఉన్నడు" అంది. తెల్లటి అక్షరాలతో టైప్ చేశాను. అది తయారయ్యాక నాకంటే ముందు తనే చూసి కుర్చీలోంచి జారిపోయింది.

ఎప్పుడూ ఇంతే. బొమ్మ నాది, మాట ఆమెది. ఫ్రెండ్స్ అందరూ నన్ను మెచ్చుకుంటారు. నేను మాట ఆమెదని చెప్పను. చెప్తే ఎవరామె అంటారు.

ఇంగ్లీషులో ఇలాంటి బొమ్మల్ని మీమ్ అంటారట. చెప్తే, "మీమ్ ఏంది, మేమే గది" అంది.

ఆగస్టు 27, శనివారం

శైలజ హాస్టల్ మెస్సులో జరిగింది రాయాలి, మర్చిపోతానేమో. పప్పు చప్పగా ఉందట. అందరూ మాట్లాడకుండా తింటున్నారట. ఈమె కంచం పట్టుకుని లేచి "పప్పుల ఉప్పేది?" అని గట్టిగా అడిగిందట. వెనక బల్ల మీద ఎవరో "ఉప్పేది?" అన్నారట. ఇంకేముంది, మెస్సంతా నినాదం. వంటామె శివమ్మ ఉప్పు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, తనూ పిడికిలి ఎత్తిందట.

అప్పటినుంచి మా ఇద్దరికీ అదే మాట. బస్సు రాకపోతే, కరెంటు పోతే, నేను ఆలస్యంగా వస్తే, పప్పుల ఉప్పేది. కోపం కూడా ఆ మాటతో పోతుంది. నిన్న నేను గంట లేటు. ఆ మాటన్నాను. నవ్వింది. అయిపోయింది.

సెప్టెంబర్ 4, ఆదివారం

"మీ ఇంట్ల నా గురించి చెప్పినవా?" అని శైలజ ఫోన్లో అడిగింది.

ఇంట్లో ఎలా చెప్పడం. నాన్న ఆఫీసు నుంచి రాగానే టీవీ ముందు కూర్చుంటాడు. మేం అమలాపురం దగ్గర నుంచి వచ్చి తార్నాకలో ఇరవై ఏళ్ళు దాటింది, నేను పుట్టింది ఇక్కడే. అయినా టీవీలో ప్రత్యేక రాష్ట్రం గురించి ఎవరు ఏమన్నా నాన్న అమ్మ వైపే చూస్తాడు, "విన్నావా అమ్మాజీ" అంటాడు. అమ్మ వింటుంది. నేను క్యాంపస్‌కి బయల్దేరితే "ఇవాళ కూడా వెళ్ళాలా?" అంటాడు. ఎంసీఏ ఆఖరి సంవత్సరం, వెళ్ళాలి మరి. అలాంటి చోట, షాద్‌నగర్ దాటాక ఒక ఊరు నాన్నా, వాళ్ళ నాన్న ఇన్నయ్య గారు మొక్కజొన్న వేస్తారు, ఆ అమ్మాయి ధర్నాలో ముందు వరుసలో ఉంటుంది, అని ఎక్కడ మొదలుపెట్టను?

జవాబుగా ఒక బొమ్మ పంపాను. మా ఫ్రిజ్ వెనక దాక్కున్న పిల్లి. "టైమ్ చూసి చెప్తా."

నవ్వింది.

సెప్టెంబర్ 6, మంగళవారం

"పిల్లి బొమ్మకు నవ్విన గని, జవాబు రాలె" అని మెసేజ్.

ఇంకో పిల్లి పంపాను.

సెప్టెంబర్ 15, గురువారం

రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. క్లాసులు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు ధర్నా.

నేను ఇవతల, చెట్టు నీడలో నిలబడ్డాను. నేను అందులో కూర్చోలేను, అక్కడినుంచి వెళ్ళిపోనూలేను. శైలజకి తెలుసు. ఎప్పుడూ రమ్మనలేదు. ఎందుకు రావని అడగలేదు.

మైకు ఆమె చేతికి వచ్చింది. నినాదం ఇచ్చే ముందు ఒకసారి ఇటు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. పిడికిలి పైకి లేపి, నోరు పూర్తిగా తెరిచి అరిచింది. మెడ నరాలు కనిపించాయి. ఆ క్షణంలో ఫోన్ నొక్కాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చాలాసేపు చూశాను. అంత గట్టిగా దేన్నైనా అడగడం నాకు చేతకాదు. అది రాసి పంపుంటే బాగుండేది. రాయలేదు. పైన తెల్లటి అక్షరాలు పెట్టాను: పప్పుల ఉప్పేది!

రేపు చూపిస్తాను. కుర్చీలోంచి మళ్ళీ పడుతుంది.

సెప్టెంబర్ 16, శుక్రవారం

కరెంటు లేదు. లైబ్రరీ మూసేశారు. చూపించలేదు.

సెప్టెంబర్ 18, ఆదివారం

పై ఫ్లాట్ బాబీ వచ్చాడు. స్క్రీన్ మీద బొమ్మ అలాగే ఉంది. చూసి పడీ పడీ నవ్వాడు. కాపీ చేసుకున్నాడు.

సెప్టెంబర్ 21, బుధవారం

బాబీ దాన్ని ఒక ఫేస్‌బుక్ పేజీలో పెట్టాడు. ఉద్యమం మీద వెటకారాలు పెట్టే పేజీ. నాకు చెప్పనేలేదు. నేను చూసేసరికి వేలల్లో లైకులు.

నిజం చెప్పాలంటే మొదటి అయిదు నిమిషాలు సంతోషమేసింది. నేను చేసింది ఇంతమంది చూశారా అని. ఇది రాయకూడదేమో. ఎవరూ చదవరుగా.

సెప్టెంబర్ 22, గురువారం

మాట మార్చేశారు. ఆమె మొహం అదే, పిడికిలి అదే, నోరు అదే. పైన "బిర్యానీ ఏది!" అని ఉంది. ఇంకొకరు "నాకు లెగ్ పీస్ రాలేదు!" అని పెట్టారు. ఇంకొకటి రాయను. కింద కామెంట్లు చదివి సిస్టమ్ ఆపేశాను.

ఆ బిర్యానీది నేను చేయలేదు. లెగ్ పీస్‌ది నేను చేయలేదు. నేను చేసింది ఉప్పుది. ఉప్పు దాంట్లో చెడ్డమాట ఒక్కటీ లేదు.

బాబీకి ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. తీసేశాడు. తీసి ఏం లాభం, అందరి దగ్గరా ఉంది.

సెప్టెంబర్ 23, శుక్రవారం

శైలజ తనే ఆ బొమ్మ పంపింది. ఉప్పుది కాదు, బిర్యానీది. లైబ్రరీ మెట్ల మీద కలిశాం. మొహం కడుక్కుని వచ్చినట్టుంది. "గిది ఎవరు చేసిండ్రో జర చూడు. నీకు గివన్నీ తెలుసు గద" అంది.

చూస్తాను అన్నాను.

ఆ రోజు పది మందైనా ఫోన్లు పట్టుకుని ఉన్నారు. నేనున్న వైపు కూడా ఉన్నారు. మెస్సులో ఉప్పు మాట సగం హాస్టల్‌కి తెలుసు. ఎవరైనా చేసి ఉండొచ్చు. నాకు తెలుసు నేనే చేశానని, ఆమె ఎలా అనుకుంటుందో అని రాస్తున్నాను, అంతే.

సెప్టెంబర్ 26, సోమవారం

రోజూ ఆ బొమ్మల మీద ఫేస్‌బుక్‌కి రిపోర్ట్ కొడుతున్నాను. ఇవాళ రెండు పేజీల్లోంచి తీసేశారు. ఫోన్ చేసి చెప్పాను. "మంచిది" అంది. "ఎవరో ఎరుకైందా?" అంది. ఇంకా వెతుకుతున్నాను అన్నాను.

ఆమెని నవ్వించడానికి గేదె బొమ్మ మళ్ళీ పంపాను. జవాబు లేదు. ఛార్జింగ్ లేదేమో. సమ్మెలో కరెంటు ఎక్కడుంటోంది.

అక్టోబర్ 2, ఆదివారం

బతుకమ్మకి ఊరికి వెళ్ళింది. బస్సుల్లేవు, కాచిగూడలో రైలెక్కింది. రానా అని అడిగితే వద్దంది.

అక్టోబర్ 8, శనివారం

ఊరి నుంచి ఫోన్ చేసింది. బతుకమ్మ ఆడేచోట ఒకామె అందరి ముందూ "బిర్యానీ దొరికిందా పిల్లా?" అని అడిగిందట. శైలజకి ఏమనాలో తోచలేదట. శైలజకి తోచకపోవడం నాకు ఊహకందలేదు.

వాళ్ళన్న పరుశురాం ఫోన్లో ఆ బొమ్మ ముందే ఉందట, తండ్రికి చూపించలేక దాచాడట. ఇప్పుడు తండ్రికీ తెలిసింది. చదువు చాలు, ఇంటికొచ్చెయ్ అంటున్నాడట. సోమవారం సామాన్లు తీసుకెళ్ళడానికి తనతో పాటు వస్తున్నాడు.

"మా బాపుకు నువ్వు కంప్యూటర్ చదువుతున్నవని చెప్పిన. గిసొంటి బొమ్మలు ఎట్ల చేస్తరో చెప్పు. నీ మాట ఇంటడు."

చెప్తాను అన్నాను. చెప్పడానికి నాకంటే తెలిసినవాడెవడు.

అక్టోబర్ 10, సోమవారం

ఇన్నయ్య గారిని తార్నాకలో చౌరస్తా పక్కన టీ హోటల్లో కలిశాను. పొడుగ్గా ఉన్నాడు, శైలజకి ఆయన కళ్ళే వచ్చాయి. భుజమ్మీద తువ్వాలు, చేతిలో సంచీ. నేను నిలబడితే కూర్చోమన్నాడు. "చదువు వద్దంటలేను బిడ్డా. మంది నోట్ల పేరు పడ్డది. ఆడపిల్ల" అన్నాడు. అరిచినట్టు కాదు, ఇబ్బందిగా.

నేను బాగా చెప్పాను. అదే ఇప్పుడు మింగుడు పడట్లేదు. ఫొటో ఎవరైనా తీయొచ్చు, దాని మీద ఏ మాటైనా రాయొచ్చు, రెండు నిమిషాల పని అని చెప్పాను. కావాలంటే ఎంత పెద్దవాళ్ళ ఫొటో మీదైనా పెట్టొచ్చు అన్నాను. ఆయన ఒక్కొక్క మాటకీ తల ఊపాడు.

"అంటే నా బిడ్డ గా మాట అనలేదు."

"అనలేదండి."

"గాడ కూసున్నది బిర్యానీ కోసం కాదు."

"కాదండి. నేను చూశాను."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "చేసినోడు ఎసొంటోడై ఉంటడు?"

శైలజ ఎదురుగా ఉంది. టీ మీద మీగడని చెంచాతో పక్కకి తీస్తోంది. తల ఎత్తలేదు.

"పనీ పాటా లేనివాళ్ళండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు" అన్నాను.

ఇన్నయ్య గారు చాలాసేపు ఆలోచించి, సరే ఉండనీ, పరీక్షలు రాసుకోనీ అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యమని తన నంబర్ నా ఫోన్లో ఎక్కించమన్నాడు. వెళ్ళేటప్పుడు సంచీలోంచి సీతాఫలాలు తీసి ఇచ్చాడు. వాళ్ళ గట్టు మీద చెట్టువట. వద్దంటే వినలేదు.

ఆమె ఉండిపోతోంది. నా వల్లే ఉండిపోతోంది. అది నిజమే కదా. నిజం చెప్పి ఉంటే ఈ సాయంత్రం రైల్లో ఉండేది. చెప్పకపోవడం వల్లే మేలు జరిగింది.

అమ్మ సీతాఫలం తిని, ఇంత తీపి కాయలు ఎక్కడివిరా అంది. క్యాంపస్ ఫ్రెండ్ వాళ్ళ నాన్న ఇచ్చాడన్నాను. నేను తినలేదు.

అక్టోబర్ 11, మంగళవారం

శైలజ లైబ్రరీ మెట్ల దగ్గరికి రమ్మంది. లైబ్రరీ ఇంకా మూసే ఉంది. మెట్ల మీద మేమిద్దరమే.

"ఆ దినం నువ్వు నాకు ఎదురుంగ చెట్టు కింద నిలబడ్డవ్. నీ చేతుల ఫోన్ ఉండె. కండ్లు మూసుకునే ముందు నిన్నే చూసిన."



మొట్టమొదట ఉప్పు బొమ్మే చూసిందట. ఎవరో అమ్మాయి చూపించిందట. చూడగానే నవ్వొచ్చిందట. నేను చేశానని తెలిసిపోయి, సంతోషమై నవ్వుకుందట. తర్వాత కింద రాసినవి చదివిందట. మర్నాటికి బిర్యానీది వచ్చిందట.

"తెలిసీ ఎందుకడిగావు, ఎవరు చేశారో చూడమని?"

"చెప్తవేమో అని. నువ్వు చెప్తే, సరే తియ్ అనేదాన్ని. ఫోన్ చేసినప్పుడల్ల అడిగిన. నిన్న బాపు అడిగినప్పుడు గూడ, ఇప్పుడు చెప్తడు అనుకున్న."

చెప్తే ఆయన నిన్ను తీసుకెళ్ళిపోయేవాడు అన్నాను.

"నేను కొట్లాడుకునేదాన్ని. బాపుతోని కొట్లాడుడు నాకొస్తది. నీ అబద్ధం మీద గీడ బతుకుడు నాకొస్తలేదు."

ఆ తర్వాత కాసేపు కూర్చున్నాం. తర్వాత వెళ్ళిపోయింది.

అక్టోబర్ 12, బుధవారం

నిన్న ఒకటి రాయలేదు.

కాసేపు కూర్చున్నాం అని రాశాను. ఊరికే కూర్చోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. చెయ్యి పట్టుకోవచ్చు. తప్పు చేశాను అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నోట్లోంచి వచ్చింది "పప్పుల ఉప్పేది".

నవ్వుతుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఎప్పుడూ నవ్వేది.

నా మొహంలోకి చూసింది, ఇంకా ఏదైనా వస్తుందేమో అన్నట్టు. రాలేదు. అప్పుడు లేచి వెళ్ళింది.

ఇంకొకటి కూడా ఉంది. బాబీ కాపీ చేసుకున్నాడని పైన రాశాను. వాడు చేసుకోలేదు. "ఎవర్రా ఈ పిల్ల?" అని అడిగాడు. "ఎవరో, క్యాంపస్‌లో" అన్నాను. "ఇది అందరూ చూడాలి మామా, భలే చేశావు" అన్నాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి నేనే చేతికిచ్చాను. ఎవరో అన్నానే, అదే. ఆ ఒక్క మాట అనకపోతే అందరూ చూడాలని వాడు అనేవాడే కాదు.

అక్టోబర్ 19, బుధవారం

ఫోన్ ఎత్తదు.

అక్టోబర్ 30, ఆదివారం

సమ్మె అయిపోయింది. బస్సులు తిరుగుతున్నాయి. ఫోన్ ఎత్తదు.

నవంబర్ 13, ఆదివారం

ఫేస్‌బుక్‌లో నా పేరుతో రాశాను. ఉప్పు బొమ్మ నేనే చేశాను, ఆ అమ్మాయి నాకు తెలుసు, ఆమె ఆ రోజు ఏం అడుగుతోందో కూడా తెలుసు, బిర్యానీ కాదు, ఆమె పరువు పోవడానికి కారణం నేను, దయచేసి ఆ బొమ్మలన్నీ తీసెయ్యండి. ఆమె పేరు రాయలేదు. రెండు రోజులు దిద్దుకుంటూ రాశాను. జోకు ఒక్కటీ లేదు.

మొదటి కామెంట్: "సూపర్ బ్రో, నవ్వలేక చచ్చా."

రెండోది, దీని మీద కూడా ఒక బొమ్మ చెయ్యమని. సాయంత్రానికి ఎవరో చేశారు. నా ప్రొఫైల్ ఫొటో, పైన "బిర్యానీ ప్లేటు కూడా దక్కని అన్న". బాగానే చేశాడు. అక్షరాలు కూడా నేను వాడేవే.

నేను రాసింది నిజమని నమ్మినవాడు ఒక్కడు కనపడలేదు. ఇన్నాళ్ళూ నేను ఏది రాసినా నవ్వాలనే రాశాను. ఇప్పుడు వాళ్ళనేం అంటాం.

నవంబర్ 15, మంగళవారం

బాబీ ఫోన్ చేశాడు. "పిల్ల నీదని ఆ రోజే చెప్పొచ్చుగా రా" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. నాకే కోపంగా ఉంది, కోప్పడ్డానికి వాడి దగ్గర ఏమీ దొరకలేదు.

వాడి ద్వారా వాళ్ళింట్లో, వాళ్ళ ద్వారా మా నాన్నకి. రాత్రి అన్నం దగ్గర అడిగాడు, ఆ అమ్మాయి పేరేంటని. శైలజ అన్నాను. ఏ ఊరన్నాడు. చెప్పాను. అమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నేను నాన్న తిట్టడం కోసం చూస్తున్నాను.

"సీతాఫలాలు వాళ్ళవేనా?" అన్నాడు.

అవునన్నాను.

"మాకు చెప్పాల్సింది కదరా" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. అది కోపం కాదు. నొచ్చుకోవడం. ఫ్రిజ్ వెనక పిల్లి అవసరమే లేదేమో. ఇప్పుడు ఎవరికి తెలుసు.

డిసెంబర్ 6, మంగళవారం

ఆర్ట్స్ కాలేజీ ముందు మీటింగు. శైలజ ఉంది, మూడో వరుసలో. దూరం నుంచి చూశాను. ఫోన్ జేబులోంచి తీయలేదు. మైకు ఆమె దాకా వచ్చింది. పక్కమ్మాయికి ఇచ్చేసింది.

డిసెంబర్ 10, శనివారం

సెమిస్టర్ పరీక్షలు రాసి శైలజ ఊరికెళ్ళింది. ఆమె రూమ్మేట్ లింగమ్మ చెప్పింది. బాగా రాసిందట. వచ్చే సంవత్సరం కూడా ఇక్కడే చదువుతుందట, వాళ్ళ నాన్న ఒప్పుకున్నాడట. ఆమే మాట్లాడి ఒప్పించుకుందట, కొట్లాడి.

అంటే ఇప్పుడు వాళ్ళ నాన్నకి నిజం చెప్తే ఆమె చదువు పోదు. ఇన్నాళ్ళూ దాని వెనకే కదా దాక్కున్నాను. ఇప్పుడు అదీ లేదు.

డిసెంబర్ 11, ఆదివారం

ఇన్నయ్య గారికి ఫోన్ చేశాను.

సాత్విక్‌ని అన్నాను, తార్నాకలో టీ తాగాం అన్నాను. "ఆఁ, కంప్యూటర్ పిల్లగాడు. మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు. వెనక బోరు మోటార్ చప్పుడు. నేను చెప్పడం మొదలుపెట్టాక ఎవరినో పిలిచి దాన్ని ఆపించాడు.

అంతా చెప్పాను. ఫొటో నేనే తీశానని, మాట నేనే పెట్టానని, పెన్‌డ్రైవ్ నేనే ఇచ్చానని, ఎవరో అన్నానని. ఆయన అడిగినప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు అని ఆయన మొహంలోకి చూస్తూ చెప్పానని.

 

"ఎందుకు చేసినవ్ బిడ్డా?"

"నవ్వుతుందనండి. ఆమెకి చూపించి నవ్వించాలని."

"నీతోని ఉన్నప్పుడు నవ్వేదా?"

"నవ్వేదండి. చాలా నవ్వేది."

"ఇంటికొచ్చినకాడి నుంచి నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నది. మాట్లాడినా గట్లనే. వాళ్ళమ్మ పండ్లు నొస్తున్నయేమో అంటున్నది. బుధవారం దవాఖానకు తీస్కపోదమనుకున్నం."

ఆగాడు.

"అయితే పండ్లు కాదన్నట్టు" అన్నాడు.

తిట్టలేదు. ఫోన్ పెట్టేశాడు.